వెనక బెంచీలో మా అత్తగారు

పెళ్ళై నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి మా అత్తగారికి నలభై తొమ్మిదేళ్ళు. వీధిలో అందరూ ఆవిణ్ణి రొట్టెలమ్మ అనేవాళ్ళు. ముందు గది దుకాణం, దాని వెనక బట్టీ, బట్టీ వెనక మేం ఉండే రెండు గదులు. గోడలు ఎప్పుడూ వెచ్చగా ఉండేవి. వానాకాలంలో తడిబట్టలకి తాడు కట్టే పనే లేదు, బట్టీ గోడకి తగిలిస్తే గంటలో ఆరిపోయేవి. కాకపోతే ఒంటికి వేసుకుంటే కాల్చిన రొట్టె వాసన. కొత్తలో ఆ వాసనకి నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఎక్కడైనా రొట్టెల దుకాణం ముందు నుంచి వెళ్తుంటే కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి.

మామగారు బట్టీ దగ్గర, అత్తగారు పిండి దగ్గర, మా ఆయన బండి మీద దుకాణాలకి సరుకు వేయడం. మొదటి ఏడాది నాకు రొట్టెలు కాల్చే డబ్బాలకి నూనె రాయడం తప్ప ఏ పనీ అప్పగించలేదు. తర్వాత పిండి పిసకనిచ్చారు. నా చేతి తీరు చూసి, "దాన్ని పిసుకుతున్నావా, జోకొడుతున్నావా?" అన్నారు అత్తగారు. మాట కరుకే గాని అన్నది అన్నచోటే వదిలేసే మనిషి. పొద్దున తిట్టిన సంగతి మధ్యాహ్నానికి ఆవిడకి గుర్తుండేది కాదు. నాకు ఉండేది, అది వేరే సంగతి.

మాది పాత పద్ధతి క్రైస్తవ సంఘం. మందిరంలో బొమ్మలూ అలంకారాలూ ఉండవు, తెల్లసున్నం గోడలు, గట్టి బెంచీలు, పొడుగు ప్రసంగాలు. పిల్లలకి మాటలు వస్తూనే ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టించేవాళ్ళు. పాపం నుంచి రక్షణ మనిషి సంపాదించుకునేది కాదు, దేవుడు ఊరికే ఇచ్చేది. మనం ఆయన్ని వెతక్కముందే ఆయన మనల్ని ఏర్పరచుకున్నాడు. ఏర్పరచుకున్నవాణ్ణి మధ్యలో వదిలెయ్యడు. నేనూ ఇలాంటి సంఘంలోనే పెరిగాను కాబట్టి ఇవన్నీ నాకు నా ఇంటి అడ్రసులా నోటికొచ్చు. నోటికొచ్చిన దాని గురించి మనం పెద్దగా ఆలోచించం కదా.

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె పంచుకోవడం. మందిరం ముందు భాగంలో పొడుగాటి బల్ల వేసి తెల్లగుడ్డ పరిచేవాళ్ళు. సంఘంలో చేరినవాళ్ళు వరసల ప్రకారం వెళ్ళి దాని చుట్టూ కూర్చుంటే, పాస్టరుగారు రొట్టె విరిచి ఇచ్చేవారు. చేరనివాళ్ళు వెనక బెంచీల్లోనే ఉండిపోవాలి. చిన్నపిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, ఇంకా ఎటూ తేల్చుకోనివాళ్ళు.

ఆ రొట్టె చేసేది మా అత్తగారే. శనివారం మధ్యాహ్నం దుకాణం పని అయిపోయాక పిండి తొట్టి కడిగి, ఆరబెట్టి, ఉతికిన ఏప్రన్ కట్టుకుని మొదలుపెట్టేవారు. పిండి, నీళ్ళు, పొంగడానికి కాస్త పాత పిండి ముద్ద, ఉప్పు. అంతే. గుండ్రంగా చేసి, గుడ్డ కప్పి, పొంగేదాకా పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవారు. మామూలు రొట్టెల దగ్గర ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అదే పిండితో చిన్న రొట్టె ఒకటి చేసి ముందు కాల్చి చూసేవారు, బట్టీ వేడి సరిపోయిందో లేదో అని. ఆ చిన్నదాన్ని మా ఆయన తినేవారు. ఆవిడ మాత్రం తుంపి నోట్లో వేసుకునేవారు కాదు. అడుగున వేలితో తట్టి, చప్పుడు విని, కాలిందో లేదో చెప్పేవారు.

నేను ఆ ఇంటికి వచ్చాక మొదటి బల్ల ఆదివారం, నా బాప్తిస్మం పత్రం మా ఊరి సంఘం నుంచి ఇంకా రాలేదు కాబట్టి నన్ను వెనక కూర్చోమన్నారు. ఒక్కదాన్నే ఎలాగా అనుకుంటుంటే, అత్తగారు రొట్టెని పక్క గదిలో అప్పగించేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. నాకు తోడుగా వచ్చారనుకుని, "మీరు వెళ్ళండత్తయ్యా, నేనుంటాను" అన్నాను. ఆవిడ నావైపు చూసి, "ఇది నా చోటే" అన్నారు.

సంగతి మామగారు చెప్పారు, ఆ సాయంత్రం బట్టీలో బూడిద లాగుతూ. పెళ్ళైన కొత్తలో అత్తగారు సంఘంలో చేరతానని అడిగారట. మా పద్ధతి ప్రకారం ముగ్గురు పెద్దలు పక్క గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు. వాళ్ళలో ముఖ్యుడు గడియారాలు బాగుచేసే ఆయన. అప్పటికి ఆయనకి నలభై దాటాయేమో గాని ఊరంతా పెద్దయ్యగారనే పిలిచేది. సిద్ధాంతం మీద అడిగిన ప్రతిదానికీ అత్తగారు తడుముకోకుండా జవాబు చెప్పారట. చివర్లో ఆయన అడిగారు: "నీకు రక్షణ దొరికిందని నీకెప్పుడు తెలిసింది? ఏ రోజు, ఏ సందర్భంలో?"

అత్తగారు ఆలోచించి, "తెలియదండి" అన్నారు.

ఆయన కోప్పడలేదట. "తెలిసినప్పుడు రా, చెల్లెమ్మా, మేమెక్కడికీ పోం" అన్నారట. ఆవిడ తలూపి వచ్చి మళ్ళీ పిండి దగ్గర నిలబడ్డారు. తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు.

"అందరికీ ఏదో ఒక రోజు ఉందమ్మా," అన్నారు మామగారు. "వడ్రంగికి జ్వరం తగ్గిన రోజు. బడిపంతులుకి వరదలొచ్చిన రోజు. నాకు నిచ్చెన మీంచి పడ్డ రోజు. మీ అత్తకే లేదు."

అత్తగారు లోపల్నుంచి విని, "నిచ్చెన మీంచి పడితే నడుం మారుతుంది గాని మనసెలా మారుతుందో నాకర్థం కాదు" అన్నారు. మామగారు నవ్వారు. వాళ్ళిద్దరి మధ్యా ఇది పాత హాస్యం.

అప్పటికి ఆవిడ వెనక బెంచీలో కూర్చోవడం మొదలై ఇరవై రెండేళ్ళు.

ఆ ఏడాదే, పత్రం వచ్చాక, నన్నూ పక్క గదికి పిలిచారు. ఏం అడుగుతారో నాకు ముందే తెలుసు కదా. అందుకని తయారై వెళ్ళాను. మా నాన్నకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక గురువారం, వాన కురుస్తుంటే మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాననీ, ఉన్నట్టుండి మనసంతా నిమ్మళించిందనీ, ఆ క్షణాన తెలిసిందనీ చెప్పాను. ఆసుపత్రి నిజం. మెట్లు నిజం. ఏడవడం నిజం. నిమ్మళించడం మాత్రం నేను కల్పించింది. ఆ రోజు మెట్ల మీద నాకు విపరీతమైన ఆకలి తప్ప ఇంకేమీ గుర్తులేదు. పెద్దయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నన్ను చేర్చుకున్నారు.

ఆ తర్వాత ప్రతి బల్ల ఆదివారం నేను లేచి ముందుకెళ్ళాలంటే అత్తగారి ముందు నుంచే వెళ్ళాలి. ఆవిడ మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చేవారు. ఆవిడ చేసిన రొట్టె నేను వెళ్ళి తినేదాన్ని. నిజం చెప్పినావిడ వెనకా, అబద్ధం చెప్పినదాన్ని ముందూ. ఒక్కోసారి ఇంటికొస్తూనే చెప్పేయాలనిపించేది. మర్నాడు చూద్దాం అనుకునేదాన్ని. అలా ఎన్ని సోమవారాలు పోయాయో.

ఒకసారి పిండి ముద్దలు తూకం వేస్తూ ధైర్యం చేసి అడిగాను, ఇంత వాక్యం తెలిసిన మీకు అనుమానమెందుకని.

"అనుమానం దేవుడి మీద కాదే అమ్మాయ్," అన్నారు. "ఆయన ఏర్పరచుకుంటాడు, అది ఆయనిష్టం, అందులో ఆయన తప్పు చెయ్యడు. ఇదంతా నేను నమ్ముతాను. నన్ను ఏర్పరచుకున్నాడా అన్నదే నాకు తెలియంది. లోపలికి చూసుకుంటాను. అక్కడేం కనపడదు. ఓ మూల విసుగు, ఓ మూల పని తొందర, అంతే."

"మరి ప్రతి ఆదివారం ఎందుకొస్తారు?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "రాక? ఇంకెక్కడికి పోతాను?"

కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రాయన, మంచివాడు. ఆయనా ప్రయత్నించాడు. అర్హత ఉన్నవాళ్ళకి కాదమ్మా ఈ బల్ల, అర్హత లేదని తెలిసినవాళ్ళకే అని రెండు గంటలు కూర్చుని చెప్పాడు. అత్తగారు వేడి రొట్టె పెట్టి, టీ ఇచ్చి, అంతా విని, "అర్హత సంగతి నేనెప్పుడన్నా ఎత్తానా బాబూ? పిలవని ఇంటికి భోజనానికి వెళ్ళకూడదంటున్నాను" అన్నారు. ఆయన టీ తాగేసి వెళ్ళిపోయాడు.

నేను ఆ ఇంటికొచ్చిన ఎనిమిదో ఏట మామగారు పోయారు. బట్టీ ముందే, తెడ్డు చేతిలో ఉండగానే కూలబడిపోయారు. మందిరమంతా నిండింది ఆ రోజు. అందరూ ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని ఓదార్చారు. అత్తగారు ఏడవలేదు. ఆయన గురించి నాకు బెంగలేదు అని మాత్రం అన్నారు.

కొన్ని నెలలకి, ఒక మధ్యాహ్నం, మామగారి పాత ఏప్రన్ మడతపెడుతూ ఆవిడ నన్ను చూడకుండానే అన్నారు: "ముప్పై ఏళ్ళు ఒకే బట్టీ దగ్గర నిలబడ్డాం. ఇప్పుడాయన ఒకవైపు, నేనొకవైపు అయిపోతామేమో. ఆ ఒక్కటే ఆలోచిస్తుంటాను."

గొంతులో ఏ బాధా లేకుండా అన్నారు, పిండి తగ్గిందని చెప్పినట్టు.

మర్నాడు మామగారి చేతి గడియారం శుభ్రం చేయించాలన్న వంకతో పెద్దయ్యగారి దుకాణానికి వెళ్ళాను. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే దుకాణం. గోడనిండా గడియారాలున్నా ఆడేది ఒకటే. మిగతావన్నీ ఆడితే బాగుచేస్తున్న దాని చప్పుడు వినపడదని ఆయన ఆపేసేవారు. అప్పటికి ఆయనకి డెబ్బై నాలుగో ఐదో. కంటికి అద్దం పెట్టుకుని, వంగి, చిన్న పట్టకారుతో పని చేస్తున్నారు. గడియారం ముందు పెట్టాను. వెళ్ళిపోదామనుకున్నాను. కానీ నోరు తెరుచుకుంది. ఆసుపత్రి మెట్లు, గురువారం, అంతా చెప్పేశాను. నేను అబద్ధం చెప్పి లోపలికొచ్చాను, నిజం చెప్పిన మా అత్తయ్య ముప్పై ఏళ్ళుగా బయటుంది, నన్నేం చేస్తారో చెయ్యండి అన్నాను.

ఆయన కంటి అద్దం తీసి బల్లమీద పెట్టారు.

"ఆ రోజు వాన నిజమేనా?" అన్నారు.

"వాన నిజమేనండి."

"అయితే నువ్వు నాకన్నా నయం. నా కథలో వాన కూడా నిజం కాదు."

పంతొమ్మిదేళ్ళప్పుడు స్నేహితులందరూ చేరుతుంటే తనొక్కడే మిగిలిపోతానని, తన అన్నకి జరిగిన అనుభవాన్ని తనకి జరిగినట్టు చెప్పారట. అన్న అప్పటికే దూరంగా వేరే ఊళ్ళో ఉండేవాడు. చెప్పి చెప్పి కొన్నాళ్ళకి తనకే జరిగిందనిపించేదిట. ఏళ్ళ తరబడి ఎందరినో అదే ప్రశ్న అడిగారు. "విశ్వాసం లేదనుకోకు," అన్నారు. "ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, అంతే. ఆ గదిలో ఇన్నేళ్ళలో నిజం చెప్పింది మీ అత్త ఒక్కతే. ఆవిణ్ణి నేను వెనక్కి పంపాను."

మర్నాడు మధ్యాహ్నం ఆయన కర్ర పట్టుకుని మా బట్టీకి వచ్చారు. అత్తగారు తొట్టి గీకుతున్నారు. స్టూలు వేశాను, కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఏమీ దాచలేదు. నా సంగతి నేను చెప్పుకుంటానని ముందే అన్నాను కాబట్టి ఆయన ముగించాక నాదీ చెప్పేశాను. అత్తగారు గీకడం ఆపలేదు. తొట్టి అంతా అయిపోయాక, చెయ్యి తుడుచుకుని ఆయన వైపు తిరిగారు.

"ఆయన పక్కన ఒక్కసారి కూడా కూర్చోలేదు నేను, ఆ బల్ల దగ్గర," అన్నారు. "ఒక్కసారి."

పెద్దయ్యగారు తలదించుకున్నారు.

"వెళ్ళండి పెద్దయ్యగారూ. నాకు పనుంది."

ఆయన వెళ్ళిపోయారు. నావైపు చూసి, "నువ్వూనా" అన్నారు అత్తగారు. రెండు రోజులు నాతో పిండి, నూనె, డబ్బాలు తప్ప ఇంకో మాట లేదు. మూడోరోజు సాయంత్రం నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసి, "తిను, ఎండిపోతున్నావు" అన్నారు. నేనూ పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ఆయన విని, మళ్ళీ నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి, ఈసారి తారీఖు అడక్కుండా మాట్లాడి, సంఘంలోనే ఉంచారు.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం జరిగింది ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. పెద్దయ్యగారు అంతకుముందే సంఘ పెద్దలకి ఉత్తరం రాసి, విషయం చెప్పి, పెద్దరికం వదులుకున్నారు. ఆదివారం నాడు ముందు వరసలో తన చోటు వదిలేసి, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి వెనక బెంచీకి అటు చివర కూర్చున్నారు. ఇటు చివర మా అత్తగారు. బల్ల దగ్గరికి పిలిచినప్పుడు ఆయన లేవలేదు. మందిరంలో తిరగని మెడ లేదు. అత్తగారు మాత్రం ఎదురుగోడ వైపే చూస్తూ కూర్చున్నారు.

రెండో నెలా అంతే. మూడో నెల ఆరాధన అయ్యాక ఆవిడే అడిగారు, "మీరెందుకిక్కడ?" అని.

"నేను పంపించిన మనిషి ఇక్కడుంది కాబట్టి."

"నేనడిగానా?"

"లేదు."

నేను కల్పించుకుని, నేనూ ఇక్కడే కూర్చుంటానత్తయ్యా అన్నాను. "ఇదేమన్నా బస్టాండనుకున్నావా?" అని నన్ను కసిరి ముందుకి పంపించేశారు.

ఏమైందో తెలియదు గాని, ఆ తర్వాత శనివారం మధ్యాహ్నాలు పెద్దయ్యగారు మా బట్టీకి రావడం మొదలైంది. అత్తగారు రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన పిండి బస్తా మీద కూర్చునేవారు. ఆవిడ రొట్టె చేసేవారు. వాదించుకునేవారు. ఆయనకి చెవుడు మొదలైంది, ఆవిడ గొంతు మొదటినుంచీ పెద్దదే, వీధి వీధంతా దేవుడి ఏర్పాటు గురించి వినేది. రొట్టె కోసం వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి విని వెళ్ళేవాళ్ళు. నేను పక్కన బట్టలు మడుస్తూనో, డబ్బాలు తోముతూనో ఉండేదాన్ని. నా జీవితంలో అంత మంచి మధ్యాహ్నాలు మళ్ళీ రాలేదు. తలుపులోంచి ఎండ వచ్చి పిండి దుమ్ము మీద పడేది. ఇద్దరు పెద్దవాళ్ళు లోకంలో ఇంతకన్నా ముఖ్యమైన పని లేనట్టు పోట్లాడుకునేవాళ్ళు.

ఒక మాట మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మనిద్దరిదీ ఒకటే పొరపాటు చెల్లెమ్మా," అన్నారాయన. "ఏర్పరచుకునేది దేవుడే అని నోటితో అంటాం. దానికి రుజువు మాత్రం మన దగ్గరే దొరకాలంటాం. నేను ఒక కథలో వెతికాను. నువ్వు నీ మనసులో వెతికావు."

"మరెక్కడ వెతకాలి?"

"మన బయట. సిలువ దగ్గర. అక్కడ జరిగింది మన మనసు బాగున్న రోజునా జరిగిందే, బాగాలేని రోజునా జరిగిందే."

అత్తగారు పిండి మీద గుడ్డ కప్పారు. "బాగానే చెప్తారు. అంత నమ్మకమున్నవారు మీరు లేచి వెళ్ళరేం?"

"నువ్వు లేస్తే."

"ఇదేం పట్టుదల?"

"నీ దగ్గరే నేర్చుకున్నాను."

ఆవిడకి నవ్వొచ్చింది. దాచుకోవడానికి బట్టీ వైపు తిరిగారు.

కోపం పోయిందని ఆవిడ ఎప్పుడూ అనలేదు. కానీ ఆయనకి పళ్ళు ఊడిపోతున్నాయని గమనించి, అంచులు తీసేసిన మెత్తటి రొట్టె రోజూ మా ఆయన చేత పంపేవారు.

చలికాలం వచ్చేసరికి పెద్దయ్యగారికి ఆయాసం ఎక్కువైంది. నెలరోజులు మంచం దిగలేదు. బల్ల ఆదివారం మాత్రం ఎవరెంత చెప్పినా వినకుండా రిక్షా కట్టించుకుని వచ్చేశారు. బెంచీ చివర్లో కాదు, అత్తగారి పక్కనే కూలబడ్డారు. పెదాలు నీలంగా ఉన్నాయి. పాస్టరుగారు బల్ల దగ్గరికి పిలిచారు. మొదటి వరస లేచింది, రెండోది లేచింది. నేను అప్పటికే బల్లకి అవతలివైపు కూర్చుని ఉన్నాను, అక్కడినుంచి వెనక బెంచీ బాగా కనపడుతుంది.

అత్తగారు ఆయన చేతులు చూస్తున్నారు. కర్ర మీద అవి వణుకుతున్నాయి. ఆవిడ ముఖంలో విసుగు కనపడింది, పొంగాల్సిన పిండి పొంగకపోతే పడే విసుగు. లేచి నిలబడ్డారు. ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. "లేవండి" అనడం నాకు అక్కడిదాకా వినపడింది. "మీ మొండితనానికి నన్ను జవాబు చెప్పుకోమంటారా?"

ఆయన లేచారు. ఇద్దరూ మధ్యదారిలో నడుచుకుంటూ వచ్చారు. అయిదు అడుగులకి ఒకసారి ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగేవారు, ఆవిడా ఆగేవారు. బల్ల దగ్గరికి చేరాక ఆయన తనంతట తాను కూర్చోలేకపోయారు, మోకాళ్ళు వంగలేదు. ఆవిడ ముందు తను కూర్చుని, నడుం పట్టుకుని ఆయన్ని మెల్లిగా దించారు. అది చూసుకునేలోపు వెనక వరసవాళ్ళు వచ్చి ఆవిడకి రెండోపక్క కూర్చున్నారు. లేచి వెళ్ళిపోవడానికి ఇక దారి లేదు. తనెక్కడ కూర్చున్నారో అప్పుడు చూసుకున్నారు అత్తగారు.

పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందు ఆగారు. పద్ధతి ప్రకారం ఇవ్వకూడదు. ఆయన పెద్దల వైపు చూశారు. వడ్రంగి ఇప్పుడు పెద్దల్లో ఒకడు. అతను కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు. పాస్టరుగారు పళ్ళెం చాచారు.

చెయ్యి తనే చాచారో, ఆయనే పెట్టారో ఆవిడకి గుర్తులేదట. చూసుకుంటే ముక్క అరచేతిలో ఉందట. పక్కన పెద్దయ్యగారు తన ముక్క నోట్లో పెట్టుకోకుండా, ఆవిడ కోసం ఆగి ఉన్నారు. అత్తగారు తిన్నారు. నెమ్మదిగా నమిలారు. తన చేత్తో ముప్పై ఏళ్ళకి పైగా చేసిన బల్ల రొట్టె రుచి ఆవిడ చూడడం అదే మొదలు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు. గొంతు పెద్దది కదా, అందరికీ వినపడింది. ఎవరూ నవ్వలేదు. పెద్దయ్యగారు మాత్రం ఆయాసపడుతూనే నవ్వారు. ఆ తర్వాత అత్తగారు తల వంచుకున్నారు. మామగారు పోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. బల్ల మీది తెల్లగుడ్డ అంచుతోనే ముఖం తుడుచుకున్నారు. ఆ గుడ్డ ఉతికేది కూడా తనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వారంలోనే పద్ధతిగా జరగాల్సింది జరిపించారు. పక్క గదిలో ముగ్గురు పెద్దలు, ఎదురుగా ఆవిడ. వడ్రంగి ఒక్కటే అడిగాడట, ఎవర్ని నమ్ముకున్నావమ్మా అని. "యేసయ్యని. నన్ను నేను నమ్ముకోవడం మానేశాను, కష్టంగానే ఉంది," అన్నారట. పేరు రాసుకున్నారు. ఇంటికొచ్చి ఆ మధ్యాహ్నం దుకాణం మూసేసి, మామగారి సమాధి దగ్గరికి ఒక్కరే వెళ్ళి చీకటిపడేలోపు వచ్చారు. అక్కడ ఏం మాట్లాడారో మేం అడగలేదు.

పెద్దయ్యగారు ఆ ఎండాకాలం మొదట్లో పోయారు. చివరి పదిహేను రోజులూ అత్తగారే వెళ్ళి రొట్టె పాలల్లో నానబెట్టి తినిపించి వచ్చేవారు. పక్కనే కూర్చుని ఇంకా వాదించేవారట, ఆయన కళ్ళతో జవాబు చెప్పేవారట.

అత్తగారు ఆ తర్వాత పదకొండేళ్ళు బతికారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ బట్టీ నడిచింది. ఇప్పుడా స్థలంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, గోడలు చల్లగా ఉన్నాయి, నేను వెళ్ళి చెయ్యి ఆనించి చూశాను. ఆడపిల్ల ఒకతి ఏం కావాలండీ అనడిగితే ఏమీ వద్దమ్మా అని వచ్చేశాను.

చివరి రోజుల్లో ఆవిడకి మందుల మత్తులో మాటలు తప్పిపోయేవి. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన ప్రార్థన మధ్యలో ఆగిపోయేది. నేను అందించబోతే చెయ్యి ఎత్తి వద్దనేవారు. "నేను మర్చిపోతే ఏం? ఆయన మర్చిపోడుగా," అని కళ్ళు మూసుకునేవారు. ఒకప్పుడు తన మనసు మూలమూలా వెతుక్కున్న మనిషి, ఇప్పుడు అక్కడ ఏముందో లేదో అని చూసుకోవడమే మానేశారు. కిటికీ తెరవమనేవారు. వీధిలో ఎవరు వెళ్తున్నారో చెప్పమనేవారు. చెప్తుంటే వింటూ నిద్రపోయేవారు.

ఒక ఉదయం పాలతను వచ్చి వెళ్ళాక, నేను జుట్టు దువ్వి జడ అల్లుతుండగా, అలాగే వెళ్ళిపోయారు. దువ్వెన నా ఒళ్ళోనే ఉంది. సగం జడ అయింది, మిగతా సగం కూడా అల్లి, రిబ్బను కట్టి, అప్పుడు మా ఆయన్ని పిలిచాను.